అమ్మోనియా అణువు: ఒకే బంధమునకు మూడు లెక్కలు

పదవ తరగతి దాటి పైతరగతులకు పోవు బాలబాలికలు రసాయన శాస్త్రములో తడబడు చోటులలో అమ్మోనియా ఒకటి. పుస్తకములో ఒక పుటయందు ఈ అణువునకు విద్యుదావేశము లేదని యుండును. కొన్ని పుటలు త్రిప్పినచో ఇందలి నత్రజనికి −3 అని వ్రాసియుండును. వేరొకచోట నత్రజనిపై కొద్దిపాటి ఋణావేశము కలదని చెప్పబడును. సున్నయా, మూడా, కొద్దిపాటియా? మూడును ఒకే పుస్తకములోనివి; మూడును సరియైనవే. అయినను అవి ఏల వేరువేరుగా నున్నవో తెలియని విద్యార్థి మూడింటిని వల్లెవేసి, పరీక్షలో ఒకదానికి బదులు మరియొకటి వ్రాసి వచ్చును. మార్కులు పోవుట చిన్న నష్టము. శాస్త్రమనగా అర్థము కాని అంకెలను గుర్తుంచుకొనుట యను భావము మనస్సున నాటుకొనుట పెద్ద నష్టము.

మన పాఠశాలల బిడ్డల విషయమున ఇందు మరియొక చిక్కు గలదు. వారిలో పెక్కురు ఇచట తెలుగున చదివి, కళాశాలలో ఇదే విషయమును ఆంగ్లమున వినవలసినవారు. మాట మారినను భావము మారదు. భావము కుదిరిన విద్యార్థికి క్రొత్త మాట కొద్ది దినములలో పట్టువడును. మాటలను మాత్రమే మోసికొనిపోయినవానికి, మాట మారగానే చేతిలో ఏమియు మిగులదు. కావున ఈ మూడు లెక్కల సంగతిని, సైన్సు చదువని తలిదండ్రులకు సయితము తెలియునట్లు, మొదటినుండి వివరించెదను.

మనకు తెలిసిన పదార్థమే

అమ్మోనియా పేరు క్రొత్తగా తోచినను వాసన క్రొత్తది కాదు. పసుల కొట్టమును రెండు దినములు కడుగక వదలినచో ముక్కును పొడుచు ఘాటైన వాసన దానిదే. మూత్రమునందలి యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టగా ఆ వాయువు పుట్టును. ఐసు ఫ్యాక్టరీలలోను, శీతల గిడ్డంగులలోను గొట్టములలో తిరుగుచు చల్లదనము కలిగించునది చాలచోట్ల అమ్మోనియాయే. మన పొలములకు వేయు యూరియాను కర్మాగారములలో అమ్మోనియానుండియు, బొగ్గుపులుసు వాయువునుండియు తయారుచేయుదురు. ఇత్తడి గిన్నెలకు కళాయి పూయువారు వాడు నవాసారము దాని లవణమే.

1774వ సంవత్సరమున ఇంగ్లండు దేశీయుడైన జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఈ వాయువును పాదరసముమీద పట్టి, ప్రత్యేకముగా పరీక్షించెను. నీటిమీద పట్టుటకు వీలులేదు. నీరు దానిని వెంటనే త్రాగివేయును. 1785లో ఫ్రాన్సు దేశమున బెర్తొలే అను శాస్త్రజ్ఞుడు ఇందు నత్రజని, ఉదజని యను రెండే మూలకములున్నవని నిర్ణయించెను. ఒక్కొక్క అణువులో నత్రజని పరమాణువు ఒకటి, ఉదజని పరమాణువులు మూడు. నేటి పుస్తకములలో నైట్రోజన్, హైడ్రోజన్ అని యున్నవి ఇవే.

1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని ఉదజనితో నేరుగా కలుపు పద్ధతిని చేసి చూపెను. కార్ల్ బాష్ దానిని పెద్ద యంత్రములకు అనువుగా మార్చగా, 1913లో ఓప్పౌ అను ఊర కర్మాగారము నడువనారంభించెను. నేడు ప్రపంచమునందలి రసాయనిక ఎరువుల నత్రజని దాదాపు అంతయు ఈ మార్గమున వచ్చినదే. ఇంతటి పదార్థముయొక్క గుణములన్నియు ఆ నాలుగు పరమాణువులు ఎట్లు పట్టుకొనియున్నవో దానిమీద ఆధారపడియున్నవి.

ఆవేశము ఎచటనుండి వచ్చును?

ప్రతి పరమాణువు నడుమ ధనావేశముగల కేంద్రకముండును. దానిచుట్టు ఋణావేశముగల ఎలక్ట్రానులుండును. కేంద్రకములోని ఒక్కొక్క ప్రోటాను ఆవేశమును +1 అనుకొన్నచో, ఒక్కొక్క ఎలక్ట్రాను ఆవేశము సరిగా −1. నత్రజని కేంద్రకములో ప్రోటానులు 7. ఉదజని కేంద్రకములో 1. కావున అమ్మోనియా అణువులో మొత్తము ప్రోటానులు 7, 3 కలిసి 10. ఎలక్ట్రానులును 10. కూడిక తీసివేతలు చేసినచో మిగులునది సున్న.

అమ్మోనియా అణువునకు ఆవేశము లేదనుమాట ఈ మొత్తపు లెక్క. ఇందెట్టి సందేహమునకును తావులేదు. అయితే ఒక ఇంటి జమాఖర్చులు మొత్తముమీద సరిపోయినంతమాత్రమున ఆ ఇంటిలోని ప్రతివాని సంచిలోను సమముగా సొమ్మున్నదని చెప్పరాదు గదా! మొత్తము సున్నయైనను, అణువులో ఒక ప్రక్క ఎలక్ట్రానులు కొంచెము హెచ్చుగను, మరియొక ప్రక్క కొంచెము తక్కువగను ఉండవచ్చును. అసలు ప్రశ్న ఇదియే.

ఇచ్చి పుచ్చుకొనుట, ఉమ్మడిగా నుంచుకొనుట

పరమాణువులు కలియు విధములలో రెండు ముఖ్యమైనవి. మొదటిది ఇచ్చి పుచ్చుకొనుట. మనము తిను ఉప్పులో సోడియం పరమాణువు ఒక ఎలక్ట్రానును విడిచిపెట్టును. క్లోరిన్ దానిని తీసికొనును. ఇచ్చినది ధనావేశము, పుచ్చుకొన్నది ఋణావేశము పొందును. ఇట్లు ఆవేశము పొందిన పరమాణువును అయాను అందురు. వ్యతిరేకావేశములు గల అయానులు ఒకదానినొకటి ఆకర్షించుకొని ఉప్పురవ్వయగును. ఇది అయానిక బంధము.

రెండవది ఉమ్మడిగా నుంచుకొనుట. దీనిని 1916లో అమెరికా శాస్త్రజ్ఞుడు గిల్బర్ట్ లూయిస్ స్పష్టపరచెను. ఒక్కొక్క పరమాణువు ఒక్కొక్క ఎలక్ట్రానును తెచ్చి, ఆ జంటను ఇరువురి నడుమ నుంచును. ఆ జంట రెండు కేంద్రకములకును చెందియుండి రెండింటిని కలిపిపట్టును. ఇది సమయోజనీయ బంధము.

అమ్మోనియాలో నున్నవి ఈ రెండవ విధమగు బంధములు. నత్రజని వెలుపలి కక్ష్యలో ఎలక్ట్రానులు 5. వానిలో మూడింటిని అది మూడు ఉదజనులతో ఉమ్మడికి ఇచ్చును. ఉదజనులు తమ కున్న ఒక్కొక్క ఎలక్ట్రానును తెచ్చును. ఇట్లు మూడు ఉమ్మడి జంటలు ఏర్పడును. నత్రజనియొద్ద మిగిలిన 2 ఎలక్ట్రానులు ఏ బంధములోను చేరక జంటగా దానియొద్దనే యుండును. దానికి మన పుస్తకములలో ఒంటరి జంట యని పేరు. చక్కని పేరు. జంటయే గాని బంధములో తోడులేని జంట. కళాశాలలో ఇదియే లోన్ పెయిర్ అని వినబడును.

ఉప్పులో వలె అమ్మోనియాలో అయానులు లేవు. ఈ మాటను విద్యార్థి గట్టిగా పట్టుకొనవలెను. నత్రజనికి −3 అని చూచి, అది మూడు ఎలక్ట్రానులను నిజముగా లాగుకొన్న అయాను అనుకొనుటయే తరచుగా జరుగు పొరపాటు.

ఉమ్మడి నూతి దృష్టాంతము

ఇరువురు రైతులు తమ పొలముల గట్టున సమానముగా ఖర్చుపెట్టి ఉమ్మడిగా నొక నుయ్యి త్రవ్వించుకొనిరనుకొందము. ఒకనిది అయిదు అశ్వశక్తుల మోటారు; రెండవవానిది మూడు అశ్వశక్తులది. ఈ నూతి నీరు ఎవరికెంత యని అడిగినచో మూడు విధములుగా జవాబు చెప్పవచ్చును.

దస్తావేజు చూచినవాడు చెరిసగము అనును. వ్రాతకోతలు సులభమగుటకు ఏ నుయ్యియైనను పెద్ద మోటారు గలవాని ఖాతాలోనే వ్రాయవలెనని నియమము పెట్టుకొన్న గుమాస్తా మొత్తము మొదటివానిదే యనును. నీరు పారు కాలువలయొద్ద కూర్చుండి నిజముగా కొలిచినవాడు, మొదటివానికి సగముకంటె కొంత హెచ్చు, రెండవవానికి కొంత తక్కువ యనును. ముగ్గురిలో ఎవడును అబద్ధమాడలేదు. ఒకడు హక్కును చెప్పెను, ఒకడు ఖాతాను చెప్పెను, ఒకడు వాడుకను చెప్పెను. ఒకరి జవాబును మరియొకరి ప్రశ్నకు చెప్పినపుడే తప్పు వచ్చును.

అమ్మోనియాలోని ఒక్కొక్క బంధము ఇట్టి ఉమ్మడి నుయ్యి. దానిలోని రెండు ఎలక్ట్రానులే నీరు. నత్రజని పెద్ద మోటారు గల రైతు.

మొదటి లెక్క: చెరిసగము

ఉమ్మడి జంటలోని ఎలక్ట్రానులను చెరియొకటిగా పంచి చూచు లెక్కకు ఫార్మల్ ఆవేశమని పేరు. నత్రజనికి ఒంటరి జంటలోని 2, మూడు ఉమ్మడి జంటలలో సగము అనగా 3, మొత్తము 5. అది తనవెంట తెచ్చినవి 5. తేడా సున్న. ఉదజనికి ఒక జంటలో సగము అనగా 1. అది తెచ్చినది 1. తేడా సున్న. కావున అమ్మోనియాలో ఏ పరమాణువునకును ఫార్మల్ ఆవేశము లేదు.

ఈ లెక్క ఏమిటికి? చుక్కలతో గీసిన అణుచిత్రము సరిగా నున్నదా, ఎలక్ట్రాను ఏదైన తప్పిపోయినదా అని సరిచూచుకొనుటకు. ఒకే అణువునకు పలు చిత్రములు గీయ వీలైనపుడు ఏది మేలైనదో ఎంచుటకును ఇది ఉపకరించును.

రెండవ లెక్క: మొత్తము బలవంతునిదే

బంధములోని ఎలక్ట్రానులను తనవైపునకు లాగుకొను శక్తి అన్ని మూలకములకు సమానము కాదు. ఈ శక్తికి ఋణవిద్యుదాత్మకత యని పేరు. 1932లో లైనస్ పౌలింగ్ దీనికి ఒక కొలబద్దను ఏర్పరచెను. నేడు వాడుకలోనున్న ఆ కొలబద్దపై నత్రజని విలువ 3.04, ఉదజని విలువ 2.20. లాగుడులో నత్రజనిదే పైచేయి.

ఆక్సీకరణ సంఖ్య యను లెక్కలో, బంధములోని రెండు ఎలక్ట్రానులను పైచేయి గల పరమాణువు ఖాతాలోనే పూర్తిగా వ్రాయుదురు. అప్పుడు నత్రజనికి ఒంటరి జంటలోని 2, మూడు బంధములలోని 6, మొత్తము 8. తెచ్చినవి 5. మూడు హెచ్చు. ఎలక్ట్రాను ఋణావేశము గలది గనుక జవాబు −3. ప్రతి ఉదజనికిని తెచ్చిన ఒకటి పోయినట్లు లెక్క; కావున +1. మూడు ఉదజనులకు +3, నత్రజనికి −3, కూడిన సున్న. మొత్తపు లెక్క ఇచటను చెడలేదు.

ఇది నిజముగా జరిగిన బదిలీ కాదు. ఖాతాలో వ్రాసికొన్న బదిలీ. అయినను వ్యర్థమైనది కాదు. నత్రజని వాయువులో నత్రజని ఆక్సీకరణ సంఖ్య సున్న. హేబర్ పద్ధతిలో అది అమ్మోనియాగా మారినపుడు −3 అగును. ఆ అమ్మోనియాను మండించి నత్రికామ్లముగా మార్చినపుడు +5 అగును. ఏ చర్యలో ఏ మూలకము ఎలక్ట్రానుల లెక్కలో లాభపడినది, ఏది నష్టపడినది యని వెంబడించుటకు ఇంతకంటె సులభమైన సాధనము లేదు. సమీకరణములను తూచుటకు విద్యార్థులు వాడునది ఇదియే.

మూడవ లెక్క: నిజముగా ఎంత?

నిజమునకు ఉమ్మడి జంట సరిగా నడుమను లేదు. పూర్తిగా నత్రజనియొద్దను లేదు. నత్రజనివైపు కొంత ఒరిగియున్నది. అందుచేత నత్రజనిపై కొంత ఋణావేశమును, ప్రతి ఉదజనిపై కొంత ధనావేశమును ఏర్పడును. ఎలక్ట్రాను ఆవేశములో ఇది ఒక భాగము మాత్రమే గనుక దీనికి పాక్షిక ఆవేశమని పేరు.

దీనిని తెలిసికొనుటకు ముందుగా అణువుయొక్క ఆకారము తెలియవలెను. నత్రజని చుట్టు నాలుగు ఎలక్ట్రాను జంటలున్నవి: మూడు ఉమ్మడివి, ఒకటి ఒంటరిది. అన్నియు ఋణావేశములే గనుక ఒకదానినొకటి తోసికొని, వీలైనంత దూరముగా సర్దుకొనును. నాలుగును సమానమైనచో వాని నడుమ కోణము 109.5 డిగ్రీలు ఉండవలెను. కాని ఒంటరి జంట కొంచెము ఎక్కువ చోటు ఆక్రమించి, బంధములను ఒకదానికొకటి దగ్గరగా నెట్టును. అందుచేత అమ్మోనియాలో బంధముల నడుమ కోణము సుమారు 107 డిగ్రీలు. మూడు కాళ్ళ పీటను ఊహింపుడు. పైన నత్రజని, కాళ్ళ కొనలయందు ఉదజనులు, పీట మీదివైపున ఒంటరి జంట.

ఈ ఆకారము వలన గొప్ప ఫలితము కలుగుచున్నది. ఒక ముడికి మూడు త్రాళ్ళు కట్టి, ముగ్గురు మూడు వైపులనుండి నేలకు సమముగా ఒకే బలముతో లాగినచో ముడి కదలదు. బల్లపరుపుగానున్న అణువులో ఇట్లే మూడు బంధముల ప్రభావములును ఒకదానినొకటి రద్దుచేసికొనును. బోరాన్ ట్రైఫ్లోరైడు అట్టి అణువు. అమ్మోనియా బల్లపరుపు కాదు. కావున ప్రభావములు రద్దు కాక కలిసి, పైభాగము ఋణధ్రువముగను, క్రిందిభాగము ధనధ్రువముగను ఏర్పడును. మొత్తము ఆవేశము సున్నయైయుండియు రెండు కొనలు గల ఇట్టి అణువును ధ్రువాణువు అందురు.

ఈ గుణమునకు కొలత కలదు. దానిని ద్విధ్రువ భ్రామకమని పిలుతురు. ఈ విషయమున మార్గదర్శకుడై 1936లో నోబెల్ బహుమానము పొందిన పీటర్ డిబై పేరిట దాని ప్రమాణమునకు డిబై యని పేరు వచ్చినది. ప్రయోగములలో అమ్మోనియాకు వచ్చిన విలువ 1.47 డిబై, నీటికి 1.85 డిబై.

ఇప్పుడొక లెక్క వేయుదము. ఒక ఎలక్ట్రాను ఆవేశమును, దానికి సమానమైన ధనావేశమును ఒక ఆంగ్‌స్ట్రామ్ దూరమున, అనగా సెంటీమీటరులో పదికోట్ల వంతు దూరమున నుంచినచో 4.80 డిబైలు వచ్చును. అమ్మోనియాలో ఉదజనులున్న తలమునకు నత్రజని ఎత్తు సుమారు 0.38 ఆంగ్‌స్ట్రామ్. 1.47ను 4.80 చేతను, ఆ వచ్చిన దానిని 0.38 చేతను భాగించినచో సుమారు 0.8 వచ్చును. అనగా ఆవేశములన్నియు కేంద్రకములయొద్దనే బిందువులుగా నున్నవనుకొన్నచో, నత్రజనిపై సుమారు −0.8, ఒక్కొక్క ఉదజనిపై సుమారు +0.27. ఇది ఉజ్జాయింపు లెక్క. పద్ధతి మారినచో అంకె కొంత మారును. ఏలయన ఎలక్ట్రానులు గిరిగీసి పంచుకొన్న గింజలు కావు. అణువంతయు కమ్మియున్న మేఘము వంటివి. అయినను ముఖ్యవిషయము స్పష్టము. నిజము సున్నయు కాదు, −3యును కాదు. నడుమ నెక్కడనో యున్నది.

ఒంటరి జంట ప్రభావము కూడ ఇందు చేరియున్నది. ఉదజనుల స్థానమున ఫ్లోరిన్ చేరినచో నైట్రజన్ ట్రైఫ్లోరైడు అగును. ఆకారము అదే పీట. ఫ్లోరిన్ నత్రజనికంటె బలమైనది గనుక బంధములు ఎలక్ట్రానులను క్రిందికి లాగును; ఒంటరి జంట మీదివైపున నుండును. రెండును ఎదురెదురై చాలవరకు రద్దగుటచేత దాని భ్రామకము 0.23 డిబై మాత్రమే. అచట నత్రజని ఆక్సీకరణ సంఖ్య +3. ఫార్మల్ ఆవేశము మరల సున్న. మూడు లెక్కలు మూడు వేరు ప్రశ్నలకు జవాబులనుటకు ఇదొక నిదర్శనము.

ఆ కొద్దిపాటి ఆవేశము చేయు పనులు

పాక్షిక ఆవేశము కొద్దిపాటిదే యైనను దాని పనులు పెద్దవి. ఒక అమ్మోనియా అణువులోని ఉదజని కొంత ధనావేశము గలది. పొరుగు అణువులోని ఒంటరి జంట ఋణావేశము గలది. ఇవి ఆకర్షించుకొనుటకు ఉదజని బంధమని పేరు. అమ్మోనియా −33 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును. దానికి రెట్టింపు బరువుగల ఫాస్ఫీను ఇంకను హెచ్చు వేడిమి వద్ద మరుగవలసినది. అట్లు గాక, అది −88 డిగ్రీల వద్దనే మరిగిపోవును. ఏలయన అందు ఇట్టి పట్టు లేదు. అణువులను విడదీయుటకు అమ్మోనియా చాల వేడిమిని గ్రహింపవలసియున్నది. ఆ వేడిమిని చుట్టునున్న ఉప్పునీటినుండి తీసికొనుటచేతనే ఐసు ఫ్యాక్టరీలో నీరు గడ్డకట్టుచున్నది.

నీటితో దానికి మరియు స్నేహము. సామాన్యమైన వేడిమి వద్ద ఒక లీటరు నీరు సుమారు 700 లీటరుల అమ్మోనియా వాయువును కరిగించుకొనును. కన్నులలోని తడి, గొంతులోని తడి కూడ నీరే గదా! అందువలననే ఆ వాయువు తగిలినంతనే కన్నులు మండి, ఊపిరి ఆడదు. ఐసు ఫ్యాక్టరీల సమీపమున నివసించువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. ఎప్పుడైన వాయువు వెలువడినచో, తడిగుడ్డ ముక్కునకు నోటికి అడ్డముంచుకొని, గాలి వీచు దిక్కునకు అడ్డముగా దూరముగా పోవలెను. తడిగుడ్డ కొంత వాయువును పట్టును.

ఒంటరి జంట చేయు పని మరియొకటి గలదు. ఆమ్లమునుండి ఒక ప్రోటాను, అనగా ఎలక్ట్రానును పోగొట్టుకొన్న ఉదజని, దగ్గరకు వచ్చినపుడు నత్రజని తన ఒంటరి జంటను దానికి పరచి చేర్చుకొనును. రెండు ఎలక్ట్రానులును నత్రజనియే తెచ్చినది. బంధము మాత్రము ఉమ్మడి. దీనిని సమన్వయ సమయోజనీయ బంధమందురు. ఇట్లు ఏర్పడునది అమ్మోనియం అయాను. దీనికి మొత్తముమీద +1 ఆవేశము నిజముగనే యున్నది. ప్రోటానులు 11, ఎలక్ట్రానులు 10.

విద్యార్థి రెండవసారి తడబడు చోటు ఇది. చెరిసగము లెక్కలో ఇందలి నత్రజనికి నాలుగు జంటలలో సగము 4 వచ్చును, తెచ్చినవి 5, కావున +1. పుస్తకములో చిత్రము గీసి నత్రజని ప్రక్కన + గుర్తు పెట్టుదురు. ఖాతా లెక్కలో మాత్రము నత్రజని మునుపటివలెనే −3. నిజమునకు ఆ ధనావేశము అయానంతటను పరచుకొనియుండి, ఎక్కువగా వెలుపలి నాలుగు ఉదజనులవైపే యుండును. + గుర్తు నత్రజని ప్రక్కన నున్నంతమాత్రమున ధనావేశమంతయు నత్రజనిమీదనే కలదని యనుకొనరాదు. అది దస్తావేజు గుర్తు; నీటికొలత కాదు.

ఈ అయాను మనకు తెలియనిది కాదు. నవాసారములో నున్నది అమ్మోనియం అయాను, క్లోరైడు అయాను. ఇప్పుడు అరుదైపోయినను, పెద్దలు కళాయి పూయుట చూచియే యుందురు. కాగిన గిన్నెపై నవాసారము చల్లగా, ఆ వేడికి అమ్మోనియం అయానునుండి ప్రోటాను విడివడి క్లోరైడును చేరును. అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడు అను రెండు వాయువులు బయలుదేరును. రెండవది లోహముపై పట్టిన మకిలను తొలగించుటచేతనే తగరము చక్కగా అంటుకొనును. ఈ రెండు వాయువులును పైకి లేచి, చల్లని గాలి తగిలినంతనే ఒంటరి జంట మరల ప్రోటానును అందుకొనును. తెల్లని పొగయై కనబడును. ఆ పొగ సన్నని నవాసారపు రేణువులే. వేడిచేత విడిపోయిన బంధము చల్లదనముచేత మరల కలియుట ఇందు కంటికి కనబడుచున్నది.

ఇంట చేయదగినది

ఈ విషయమును బిడ్డచేత చెప్పించుటకు ప్రయోగశాల అక్కరలేదు. ఒక పళ్ళెము, అయిదు శనగలు, మూడు పెసలు చాలును. శనగలు నత్రజని తెచ్చిన ఎలక్ట్రానులు; పెసలు ఉదజనులు తెచ్చినవి. ఒక శనగ, ఒక పెసర చొప్పున మూడు జంటలు పేర్చుడు. రెండు శనగలు మిగులును. పళ్ళెము నడుమ నత్రజని యున్నదనుకొని, ఆ రెండింటిని ఒక ప్రక్కన, మూడు జంటలను మిగిలిన మూడు ప్రక్కల నుంచుడు.

అప్పుడు బిడ్డను మూడు ప్రశ్నలు అడుగుడు. ప్రతి ఉమ్మడి జంటను చెరిసగము పంచినచో నత్రజనికి ఎన్ని గింజలు? అయిదు, తెచ్చినవి అయిదు, తేడా సున్న. జంటలన్నింటిని నత్రజనికే వ్రాసినచో ఎన్ని? ఎనిమిది, మూడు హెచ్చు, కావున −3. ఈ రెంటిలో నిజముగా జరుగుచున్నది ఏది? రెండును కాదు, గింజలు నత్రజనివైపు కొంచెము జరిగియున్నవి. ఈ మూడవ జవాబు చెప్పుచు బిడ్డ ప్రతి జంటను వ్రేలితో కొంచెము నత్రజనివైపు జరిపినచో, వానికి విషయము తెలిసినదని నిశ్చయించుకొనవచ్చును.

గింజలు లెక్కించుటకు తలిదండ్రులు సైన్సు చదివియుండ నక్కరలేదు. బిడ్డ −3 అని చెప్పినపుడు ఏ లెక్క ప్రకారమని అడిగిన చాలును. ఆ ఒక్క ప్రశ్న వానిని వల్లెవేయుటనుండి తప్పించి ఆలోచనలో దించును. ఇచట తెలుగున ఒంటరి జంటను ఎరిగిన బిడ్డ, రేపు కళాశాలలో దానిని ఏ పేరుతో పిలిచినను, ఆ రెండు శనగలను గుర్తుపట్టగలడు.